ఈల వినబడే లోపు

బొటనవేలికి టేపు రెండు చుట్లు చుట్టి, మూడో చుట్టు దగ్గర పళ్లతో తెంపింది ఆ పిల్ల. కాలేజీలో ఆమెను అందరూ స్పేరు అనే పిలుస్తారు. మూడేళ్లుగా రిలే జట్టులో అయిదో మనిషి. పరిగెత్తే నలుగురికీ నీళ్ల సీసాలూ తువ్వాళ్లూ అందించడంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఎవరికీ కాలు బెణికిందీ లేదు, ఆమెకు వంతు వచ్చిందీ లేదు. అలాగని ఎవరి కాలైనా బెణకాలని కోరుకునేంత చెడ్డబుద్ధీ లేదు.

ఇది ఆఖరి ఏడు. ఇవాళ సాయంత్రం నాలుగింటికి కాలేజీ మైదానంలో ట్రయల్. నాలుగు వందల మీటర్లు అరవై రెండు సెకన్ల లోపు పరిగెత్తినవాళ్లు అటునుంచి అటే బస్సెక్కి సీజను ముందరి శిక్షణకు వెళ్తారు. మిగతావాళ్లు ఇళ్లకు పోతారు.

"అయిందా తల్లీ? ఎండెక్కితే కాళ్లు లేవవు," అన్నాడు తాత. బస్సు డిపోలో ముప్ఫై ఏళ్లు మెకానిక్కుగా చేసిన మనిషి. ఈ వేసవంతా ఆమెకు కోచ్ ఆయనే. చంకలో మడత స్టూలు, మెడలో స్టాప్‌వాచ్. డిపో మేనేజరు కూడా అంత దర్జాగా నడిచి ఉండడు.

గోదాముల వెనక రోడ్డు తిన్నగా ఉంటుంది. ఒక కొసన తాత కూర్చుంటాడు. నాలుగు వందల మీటర్ల అవతల ఆమె నిలబడి, ఎత్తి పట్టుకున్న ఎర్ర తువ్వాలు వదిలేసి పరుగందుకుంటుంది. తువ్వాలు పడగానే తాత మీట నొక్కాలి. మూడు వారాల కిందట ఆయనే ఒక ఈల కొనిచ్చి, "తువ్వాలుతోబాటు ఇదీ ఊదు, హుషారుగా ఉంటుంది," అన్నాడు. హుషారు నిజంగానే వచ్చింది. వేసవంతా అరవై రెండున్నర దగ్గర మొరాయించిన అంకె అరవై ఒకటిన్నరకు దిగింది.

నిన్న బట్టలకోసం వెళ్లినప్పుడు కాలేజీ స్టోరు ఆయన ఆ సంగతి విని మెచ్చుకున్నాడు. తర్వాత మాటవరసకు అడిగాడు. "మీ తాత తువ్వాలు చూసి నొక్కుతున్నాడా, ఈల విని నొక్కుతున్నాడా? అంత దూరం నుంచి చప్పుడు రావడానికే సెకను పైన పడుతుంది స్పేరూ. విని నొక్కితే ఆ సెకను నీకు ఉత్తినే కలిసొస్తుంది."

"చూసే నొక్కుతాడు," అంది. అన్నదే గానీ, ఆ మాట చెవిలో జోరీగలా ఉండిపోయింది.

ఇప్పుడు రోడ్డు కొసన నిలబడి ఈల నోట్లో పెట్టుకుంది. ఊదలేదు. తువ్వాలు మాత్రం వదిలేసింది.

దూరాన తాత కదల్లేదు. కాస్త ముందుకు వంగి అలాగే కూర్చున్నాడు. ఆమె తువ్వాలు తీసి మళ్లీ ఎత్తింది, మళ్లీ వదిలింది. రెండు చేతులూ ఊపింది. తాత ముఖం ఆమెవైపే ఉంది, జవాబుగా చెయ్యి మాత్రం ఎత్తలేదు. ఆయనకు ఆమె కనబడటం లేదు. ఎన్నాళ్లుగా కనబడటం లేదో, ఎవరికీ చెప్పకుండా ఈల మీద నెట్టుకొస్తున్నాడు.

అరవై ఒకటిన్నర చేజారిందనే ముందు తోచింది. తాత కళ్లకన్నా ముందు అంకె గుర్తొచ్చినందుకు ఆ వెంటనే సిగ్గేసింది. ఈల ఊది పరిగెత్తింది.

"అరవై ఒకటీ నాలుగు!" తాత వాచీని ముక్కుకు ఆనించి చూసి లేచి నిలబడ్డాడు. "ఇంక నిన్నెవడు ఆపుతాడే?"

"ఎవరూ ఆపరు తాతా," అంది.

సాయంత్రం ఆమె తన బతుకులో ఎన్నడూ లేనంత బాగా పరిగెత్తింది. కాలేజీ కోచ్ గారు వాచీ చూసి, "అరవై రెండూ రెండు," అన్నారు. కాగితం మీద అంకె రాసుకున్నారు. "బాగా చేశావమ్మా," అన్నారు. ఆయన అంత మెత్తగా మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. బస్సు కదిలింది. కిటికీల్లోంచి చేతులు ఊగితే ఆమె కూడా ఊపింది. మూడేళ్ల పరుగు అక్కడితో అయిపోయింది. దుమ్ము అణిగేదాకా నిలబడి ఇంటిదారి పట్టింది.

అడుగుల చప్పుడుకే తాత లేచాడు. "వచ్చేశావేం? పొద్దున అరవై ఒకటీ నాలుగు వచ్చింది కదే?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"వచ్చింది తాతా. సాయంత్రం కాళ్లు ఆడలేదు. మోకాలు పట్టేసింది."

తాత ఆమెను కూర్చోబెట్టి మోకాలు నిమిరాడు. ఏ మోకాలో కూడా అడగలేదు.

"రేపు ఆసుపత్రిలో చూపించుకోవాలి. తోడు వస్తావా?" అంది.

"రాకేం తల్లీ. నేనుండగా ఒక్కదానివే ఎందుకెళ్తావు?"

ఆసుపత్రిలో కళ్ల డాక్టరు ఏ గదిలో కూర్చుంటాడో ఆమెకు తెలుసు. నీళ్లు కాచడానికి లోపలికి వెళ్లింది.

శిక్షణకని సర్దుకున్న సంచి గుమ్మం పక్కనే ఉండిపోయింది. మధ్యాహ్నం తాత తన చేత్తో రాసి దాని పిడికి కట్టిన అట్టముక్క మీద ఆమె పేరూ జట్టు పేరూ పెద్ద పెద్ద అక్షరాలతో ఉన్నాయి, రెండు వరుసలూ ఒకదాని మీద ఒకటి ఎక్కి.