కుళ్ళుబోతు సాక్ష్యం

జెస్సీకి సలోమి అంటే కుళ్ళు. ఈ ముక్క చెప్పడానికి డొంకతిరుగుడు అక్కర్లేదు. పైకి చూస్తే ఇద్దరూ ప్రాణస్నేహితులు. గుంటూరులో ఒకే మిషన్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగ్ చేసినవాళ్ళు, ఒకే కంచంలో తిన్నవాళ్ళు, ప్రత్తిపాడు అవతల ఒకే ఊరికి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు. ఆదివారం గుడిలో ఒకే చాప మీద కూర్చుని, ఒకే పాటల పుస్తకంలో చూసి పాడేవారు. పాట పాడుతున్నంతసేపూ జెస్సీ కడుపులో మంట మండుతూనే ఉండేది.

ఆ మంటకి కారణం గవర్నమెంటు. ఆ ఏడాది హైస్కూళ్ళలో నర్సుల్ని పెట్టమని కొన్ని ఊళ్ళకి డబ్బులిచ్చారు. ఊరికో నర్సు, మొదట ఒక్క ఏడాదికే. బాగుంటే సాగుతుంది, లేకపోతే లేదు. ఆ సంగతి ముందు తెలిసింది జెస్సీకి. తాను పనిచేసే నర్సింగ్‌హోమ్‌లో కాంపౌండర్ చెబితే, మంచితనం పొంగిపోయి ఆ సాయంత్రమే సలోమి ఇంటికి పరిగెత్తుకెళ్ళి చెప్పింది. ఇద్దరూ ఒకే బస్సులో ఇంటర్వ్యూకి పోయారు. సలోమి తెచ్చిన పెరుగన్నం ఇద్దరూ తిన్నారు. ఉద్యోగం మాత్రం సలోమికి వచ్చింది.

"దేవుడు గొప్పవాడే!" అని జెస్సీ ఆవిణ్ణి కావలించుకుంది. ఇంటికొచ్చి అన్నం గిన్నె మీద మూత విసిరికొడితే అది వాకిట్లోకి దొర్లుకుంటూ పోయింది.

అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడుపన్నట్టు, ఉద్యోగం రానందుకు జెస్సీ అంత బాధపడలేదు. ఎవరో చీమకుర్తి పిల్లకో, దర్శి పిల్లకో వచ్చుంటే రెండు రోజులు ఏడ్చి ఊరుకునేది. సలోమికి రావడమే గొంతు దిగలేదు. తానేమో తెల్లారకముందే లేచి, మిరపకాయ బస్తాల లారీల వెనక దుమ్ము తింటూ గుంటూరు పోవాలి. నర్సింగ్‌హోమ్ డాక్టరమ్మ చేత తిట్లు తినాలి. కాళ్ళు వాచేదాకా నిలబడాలి. సలోమి తెల్లచీర కట్టుకుని, గొడుగేసుకుని, దారిలో నలుగురినీ పలకరిస్తూ నింపాదిగా బడికి నడిచిపోతుంది. హెడ్మాస్టరు సంజీవరావు గారు ఆవిడకో గది ఇచ్చి, తలుపు మీద పేరు కూడా రాయించారు. పేరు రాయించడం ఎందుకో జెస్సీకి అర్థం కాలేదు. ఊళ్ళో సలోమి ఎవరో తెలియనివాళ్ళున్నారా?

వీటన్నిటినీ ఎలాగో ఓర్చుకునేదే. కూతురి సంగతే ఓర్చుకోలేకపోయింది.

తేజశ్రీ ఎనిమిదో తరగతి. "గోళ్ళు తీసుకోవే" అని జెస్సీ ఎన్నేళ్ళుగా మొత్తుకున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. సలోమి ఒక్కసారి చెప్పింది, పిల్ల ఆ రాత్రే బ్లేడు పట్టుకుని కూర్చుంది. "సిస్టర్ ఆంటీ చెప్పింది, అన్నానికి ముందు సబ్బుతో కడుక్కోవాలంట." "సిస్టర్ ఆంటీ చెప్పింది, మునగాకు తింటే రక్తం పడుద్దంట." మునగాకు కూర వండిపెడితే కంచం తోసేసిన పిల్ల! పొరుగింటి పుల్లకూర రుచంటే ఇదేనని జెస్సీ పళ్ళు నూరుకుంది.

"మీ అమ్మ కూడా నర్సేనే. గుర్తుందా?" అంది ఒకరోజు.

"నువ్వు అరుస్తావమ్మా. ఆంటీ అరవదు," అంది తేజ, తల దువ్వుకుంటూ.

మూలనున్న అత్తగారు పుల్లమ్మ అది విని, "నిజమేలే. నాకు బీపీ చూసేటప్పుడు కూడా ఎంత నెమ్మదిగా పట్టుకుందో చెయ్యి," అని ఓ చెయ్యి వేసింది. గోరుచుట్టు మీద రోకలిపోటు. ఆ రాత్రి జెస్సీ ఎవరితోనూ మాట్లాడలేదు, ఎందుకు మాట్లాడటం లేదని ఎవరూ అడగనూ లేదు. అడగనందుకు ఇంకా మండింది.

సంక్రాంతి వెళ్ళాక బడిలో ఆడపిల్లలకి వారానికో ఎర్ర బిళ్ళ ఇవ్వడం మొదలుపెట్టారు. రక్తం పట్టే ఐరన్ బిళ్ళ. వేసుకున్న పిల్లలకి విరేచనం నల్లగా అయ్యింది. ఒకరిద్దరికి కడుపులో తిప్పింది. అంతే, ఊళ్ళో గుసగుసలు లేచాయి. ఆడపిల్లలకే ఎందుకిస్తున్నారు? అసలు గవర్నమెంటు ఊరికే ఏదైనా ఇస్తుందా? రేపు పెళ్ళయ్యాక పిల్లలు పుట్టకుండా చేసే బిళ్ళలంట అవి!

ఆ రోజుల్లోనే బాపయ్య గారి కళ్ళంలో ఎండిన మిరపకాయల్లోంచి తాలుకాయ ఏరుతున్నారు. రంగు వెలిసిపోయిన కాయను తీసి పక్కన పడేసే పని. సెలవు దొరికిన రోజు జెస్సీ కూడా కూలికి పోయేది. అందరూ ముక్కులకి కొంగులు కట్టుకుని తుమ్ముకుంటూ ఏరుతుంటే, బాపయ్య గారి భార్య సుబ్బరావమ్మ వచ్చి జెస్సీ పక్కన చతికిలబడింది. ఆవిడ మనవరాలు అదే బడిలో చదువుతోంది.

"జెస్సీ, నువ్వు పెద్దాసుపత్రి చూసినదానివి. ఆ బిళ్ళలు మంచివేనంటావా?"

ఏరుతున్న చేతులన్నీ ఆగిపోయాయి. అందరూ జెస్సీ వంకే చూశారు. 'నిక్షేపంగా మంచివండీ, రక్తం లేని పిల్లకి అన్నం లాంటివి' అంటే అక్కడితో అయిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అంతలో ఎవరో వెనకనుంచి, "పాపం సలోమి మంచిదే, బంగారం లాంటి పిల్ల," అన్నారు.

జెస్సీ ఒక తాలుకాయ తీసి పక్కకి విసిరింది.

"ఏమోనండీ. గవర్నమెంటు వాళ్ళ మందులు. మనమేం చెప్తాం?"

అబద్ధం చెప్పలేదు కదా అని తనకి తానే సర్దిచెప్పుకుంది. కానీ మౌనం అర్ధాంగీకారమని ఊరికి తెలియదా? పొద్దుగూకేసరికి ఆ 'ఏమో'కి చిలవలు పలవలు పుట్టాయి. "గుంటూరులో చేసే నర్సే ఏమో అందంటే ఇంకేం కావాలి?" అనుకున్నారు. ఆ వారం బడిగోడ పక్క కాలవలో ఎర్ర బిళ్ళలు తేలాయి. పిల్లలు బుగ్గన పెట్టుకుని, బయటికొచ్చి ఉమ్మేస్తున్నారు.

జెస్సీకి హాయిగా అనిపించింది. నిజం చెప్పొద్దూ, చాలా హాయిగా అనిపించింది. ఇంట్లో మాత్రం తేజని చాటుకి పిలిచి, "నువ్వు మాత్రం ఉమ్మకు. మింగు," అని చెప్పింది.

ఒక సాయంత్రం సలోమి వచ్చి జెస్సీ వంటింటి గడప మీద కూలబడింది. "ఎవరు పుట్టించారే ఈ మాట? నేనెవరికి ఏం చేశానే?" అని ఏడ్చింది. జెస్సీ టీ పెట్టి ఇచ్చింది, వీపు నిమిరింది. "ఊరి నోరు మూయగలమా?" అంది. అంటుంటే తన చెయ్యి తనకే పరాయిదిలా తోచింది.

మార్చిలో గుంటూరు నుంచి ఆఫీసరు వచ్చాడు. బళ్ళో వేపచెట్టు కింద తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి, ఉన్నమాట చెప్పాడు. "నర్సు కావాలంటే వచ్చే ఏడాదికీ డబ్బులొస్తాయి. వద్దంటే ఇంకో ఊరికి ఇస్తాం. మీ ఇష్టం."

"వద్దు, తీసుకుపోండి!" యలమంద లేచాడు. అతని కూతురు హారిక తొమ్మిదో తరగతి. "ఆడపిల్లల బతుకులతో ఆటలాడతారా?"

సలోమి లేచి, అవి ఏ బిళ్ళలో, ఎందుకిస్తారో చెప్పబోయింది. "జీతం తీసుకునేదానివి, నువ్వు అట్టాగే చెప్తావులే," అని కేకలేశారు. హెడ్మాస్టరు గారు సర్దబోతే, "మీకూ గవర్నమెంటు జీతమేగా సారూ," అన్నారు. ఆయన మళ్ళీ కూర్చున్నాడు.

అప్పుడు సలోమి జనంలో వెతుక్కుంది. జెస్సీ కనబడగానే ఆవిడ మొహం తేటపడింది.

"జెస్సీ, నువ్వు చెప్పవే. నీకు తెలుసుగా."

గుంపంతా వెనక్కి తిరిగింది. జెస్సీ గోడవైపు చూపు తిప్పుకుంది. అక్కడ ఆడపిల్లలు నిలబడి ఉన్నారు, తేజ పక్కనే యలమంద కూతురు హారిక. ఆ పిల్ల పెదాలు సున్నం కొట్టినట్టున్నాయి. మెట్టెక్కితే ఆయాసపడే పిల్లని జెస్సీ అంత దూరం నుంచే పట్టగలదు. తన చదువు అదేగా మరి. పక్కన తేజ మాత్రం బుగ్గల నిండా రక్తంతో నిగనిగలాడుతోంది. ఇద్దరినీ అలా పక్కపక్కన చూశాక జెస్సీ నోరు దానంతటదే తెరుచుకుంది.

"మంచి బిళ్ళలే. రక్తం పట్టేవి. మా తేజ ప్రతి వారం మింగుతోంది. నేనే మింగమన్నా."

సుబ్బరావమ్మ మోకాళ్ళ మీద చేతులేసుకుని మెల్లగా లేచింది.

"ఏందే? నీ కూతురితో మింగిస్తన్నావా? మరి ఆరోజు కళ్ళంలో నోరు తెరిచి అడిగితే ఏమో అన్నావే? మా పిల్లలు పిల్లలు కాదా?"

ఇప్పుడు తప్పించుకునే సందు లేదు. మరిచిపోయానని అనొచ్చు, అప్పుడు తెలియదని అనొచ్చు. అంటే మళ్ళీ అనుమానం మొదలవుతుంది. సలోమి తన వంకే చూస్తోంది, ఇంకా ఏమీ అర్థం కాక.

"కుళ్ళండీ," అంది జెస్సీ. "ఆ ఉద్యోగం నాకు రాలేదని. దానికి వచ్చిందని. నా కూతురు కూడా దాని మాటే వింటుందని. పోతే పోనీ అనుకున్నా. అందుకే చెప్పలా."

ఎవరో నోరు నొక్కుకున్నారు. ఎవరో "ఓసి నీ..." అని ఆగిపోయారు. ఆఫీసరు కలం పట్టుకుని దిక్కులు చూశాడు. పుల్లమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

సుబ్బరావమ్మ మాత్రం నిదానంగా ఆలోచించింది. కుళ్ళు గురించి ఆవిడకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. నలుగురు తోటికోడళ్ళ మధ్య కాపురం చేసిన మనిషి.

"అయితే బిళ్ళలు మంచివేలే," అంది జనం వైపు తిరిగి. "జీతగాళ్ళు చెప్తే నమ్మం, సరే. ఇది కళ్ళల్లో నిప్పులు పోసుకుని కూడా తన కన్నబిడ్డకి పెట్టుకుంటందంటే, ఇంక అందులో లోపమేముంటది? నా మనవరాలికి ఇయ్యండి. ఏరా యలమందా, నీ పిల్ల మొహం చూశావా ఎప్పుడన్నా? పాలిపోయింది!"

యలమంద గొణిగాడు గానీ ఎదురు చెప్పలేదు. కుళ్ళు అందరికీ తెలిసిన జబ్బు. మందుల సంగతి ఎవరికీ తెలియకపోయినా, కుళ్ళుబోతు ఒప్పుకున్న నిజానికి మించిన నిజం లేదని ఆ ఊళ్ళో ప్రతివాళ్ళకీ తెలుసు. చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. నర్సు ఉంటుందని ఆఫీసరు రాసుకున్నాడు. ఆడవాళ్ళు లేచి పోతూ పోతూ జెస్సీని చూసి నవ్వారు, కొందరు ఉమ్మేశారు కూడా.

జెస్సీ సలోమి గది ముందుకి వెళ్ళి నిలబడింది. సలోమి బిళ్ళల డబ్బా మూత తిప్పుతోంది. అది ఎంతకీ రావడం లేదు.

"ఉద్యోగం నిలబడిందిగా," అంది జెస్సీ.

సలోమి తలెత్తలేదు. "ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కునేదాన్నే. నీతో పాటు ఆ గుంటూరు బస్సే ఎక్కేదాన్ని. ఇప్పుడు ఇది తెలిసింది. దీన్నేం చేసుకోమంటావే?"

"సలోమీ..."

"పక్కకి జరుగు. పిల్లలొస్తున్నారు."

జెస్సీ పక్కకి జరిగింది. పిల్లలు వరస కట్టారు. హారిక మింగింది, సుబ్బరావమ్మ మనవరాలు మింగింది. తేజ వంతు వచ్చింది. తల్లి చేసిన పనికి ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోతూ, తల దించుకుని చెయ్యి చాపింది. సలోమి ఆ అరచేతిలో బిళ్ళ పెట్టి, గ్లాసు అందించి, "ఏదీ, నోరు చూపించు," అని నవ్వింది. చెంప మీద పడిన జుట్టు చెవి వెనక్కి సర్దింది. "మా మంచి తల్లివి," అంది.

జెస్సీ గుమ్మం పక్కన నిలబడి అది చూసింది. కడుపులో మళ్ళీ అదే మంట లేచింది. ఈసారి కుళ్ళు సలోమి మీద కాదు, ఆ నవ్వు దక్కిన కూతురి మీద.