ఇప్పపువ్వు కోయరు

భద్రాచలంలోని ఉచిత కోచింగ్ సెంటర్‌లో నాకు మిగిలింది ఒక్క వ్యాసం. సోమవారం నాటికి అది నిర్మలాదేవి మేడంకు నచ్చితే గ్రూప్-1 బ్యాచ్‌లో సీటు, లేకపోతే మూటాముల్లె సర్దుకుని మా ఊరు. అప్పటికే రెండు వ్యాసాలు తిరిగొచ్చాయి.

"వనజా, ఇందులో నువ్వెక్కడున్నావు?" అన్నారు మేడం రెండోది నా చేతికిస్తూ. "పేరు కొట్టేస్తే ఇది ఎవరిదైనా కావచ్చు. ‘అనాదికాలం నుండి మానవుడు’ అని పదకొండు మంది మొదలుపెట్టారు."

నాకు ఒళ్లు మండింది. ఆ వాక్యం కోసం గైడు మొత్తం బట్టీ పట్టాను మరి. ఉన్న మాటంటే ఉలుకెక్కువ కదా, బస్సు పర్ణశాల దాటేదాకా మేడాన్ని తిట్టుకుంటూనే ఉన్నాను.

మూడో అంశం ‘అడవి, జీవనోపాధి’. శనివారం సాయంత్రం ఇంట్లో గైడు ముందు పెట్టుకుని రాశాను. ఎలా ఉందో విందామని పైకి చదివాను. "అడవి బిడ్డలు వేసవి ఆరంభంలో ఇప్పపువ్వును కోసి, ఎండబెట్టి..."

పొయ్యి దగ్గరున్న మా అమ్మ ముత్తక్క పకపకా నవ్వింది. ఆమెకు చదువు రాదు.

"ఏందే, ఇప్పపువ్వు కోస్తరా? ఎవలు కోసిన్రు?"

"గైడ్‌ల గట్లనే ఉంది!" అని అరిచాను.

"అది రాసినోడు ఎన్నడన్న చెట్టు కిందికి వచ్చిండా? నువ్వైతే పాలపళ్లు ఊడకముందు నుంచి ఏరుతున్నవ్ కదనే."

ఆ పూట అన్నం సరిగా తినలేదు. తప్పు గైడుదైతే ఇంత మంట ఉండేది కాదు. ఇరవై ఏళ్లు ఏరిన చేత్తోనే ‘కోసి’ అని రాశాను. అరువు సొమ్ము బరువుచేటు అంటారు. అరువు మాట అంతకన్నా చేటు.

ఆదివారం తెల్లవారగానే అమ్మతో మా చెట్టు కిందికి వెళ్లాను. తిరిగొచ్చి, గైడును బియ్యం డబ్బా వెనక్కి తోసి మళ్లీ రాశాను. ముందురోజే ఆకులు ఊడ్చి నేల శుభ్రం చేయడం, పశువులు రాకముందే బుట్ట నింపుకోవడం, వంగి వంగి నడుము పట్టేయడం, మట్టి అంటిన పువ్వును అమ్మ ఉఫ్ అని ఊది బుట్టలో వేయడం. వాక్యాలు చిన్నవయ్యాయి. అందంగా ఉన్నా నావి కాని మాటలన్నీ కొట్టేశాను. కొట్టేసేటప్పుడు ప్రాణం ఉసూరుమంది, అబద్ధమెందుకు.

సోమవారం మేడం ఎర్ర పెన్ను తీశారు. రెండో పేజీలో ఆ పెన్ను ఆగింది.

"‘ఏరుతారు’ అని రాశావు. కోయరా?" అని అడిగారు. వాళ్లది పెనుబల్లి వైపు, మామిడి తోటల కుటుంబం, చెట్టు నుంచి కోయడమే తెలుసు.

"కోయరు మేడం. రాలిందే మాది. చెట్టు మీదున్నది చెట్టుదే."

మేడం తల ఎత్తారు. "ఈ మాట ఇందులో లేదే?"

"లేదు మేడం. ఇప్పుడే నోటికొచ్చింది."

"అయితే ఇప్పుడే రాయి."

నిలబడే రాశాను, చివరి వాక్యంగా. మేడం చదివి, పెన్ను మూసి, నా పేరు లిస్టులోకి ఎక్కించారు. హమ్మయ్య! రెండు నెలల బరువు దిగిపోయింది. బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను.

"సీటొచ్చిందే అమ్మా!"

"అవ్ నా తల్లే! గంత మంచిగ ఏం రాసినవే?"

"నువ్వు నవ్వి చెప్పిన మాటే రాసిన."

అమ్మ మళ్లీ పకపకా నవ్వింది. ఈసారి నేనూ నవ్వాను.