పదకొండో చుక్క

ఇది రాస్తున్నామె ఇంతకు ముందు ఏదీ రాసి ఎరగదు. అయినా చిలకమ్మ సంగతి ఎవరో ఒకరు రాయాలి కదా.

చిలకమ్మ ఫిషింగ్ హార్బర్ గేటు దగ్గర చేపలు వేయించి అమ్మేది. వేలంపాట అయ్యాక కూలీలు ఆకలితో మూగితే, వేయించి ఆకులో పెట్టి ఇచ్చేది. మాట మాత్రం వాళ్ళే అనాలి, ఆమె అనేది కాదు. నాలుగు రోజులు కాగేసరికి నూనె నల్లబడి, అందులో వేగిన చేపల నీడలు తిరగడం మొదలెట్టేవి. కవళ్ళ చేపలవి గుంపుగా, రొయ్యలవి వెనక్కి వెనక్కి. పాత నూనె ఎవరింట్లోనైనా అంతే. మూతపెట్టి పక్కనుంచేవారు.

రెండు వేల అయిదులో డీజిల్ రేటు పెరిగి, ఆమె మొగుడు ఎల్లారావు ఇంజను తెప్ప ఒడ్డునే ఉండిపోయింది. పాత నూనెలో స్పిరిట్టూ కాస్టిక్ సోడా కలిపితే ఇంజనుకి పనికొస్తుందని, దువ్వాడలో ఒక కాలేజీకి జనరేటర్ బాగుచెయ్యడానికెళ్ళినప్పుడు తెలుసుకొచ్చాడు. మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ సబ్బయింది. వీధంతా ఆ సబ్బుతోనే బట్టలుతుక్కుంది.

"ఎల్లారావు బావా, ఈపాలి మల్లిపువ్వు వోసనేసి సెయ్యి," అంది పక్కింటి తవిటమ్మ.

"నీ మొగుడి సొక్కాకి ఏ వోసనైనా ఒకటేలే," అన్నాడు గానీ అతనికి నవ్వు రాలేదు.

నాలుగు రోజుల్లో వెరావల్ వెళ్ళే రైలుబండి. మేస్త్రీ అప్పలసూరి మనుషుల్ని పోగేసి గుజరాత్ బోట్ల మీదకి తీసుకుపోతాడు. వెళ్ళినవాళ్ళు పది నెలలకి గానీ రారు. ఎల్లారావు వస్తానని చెప్పేశాడు. ఆ రాత్రే చిలకమ్మ పాత నూనె గిన్నె తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఇంకోపాలి సూడు మావా," అంది.

"ఏటి సూసేది? సబ్బు సాల్లేదేటి? కొత్త నూనెకైతే కాలేజీలో రాసిచ్చిన కాయితం మీద కొలతుంది. ఇది పులిసిన నూనె. ఆ పులుపు కాస్టిక్కుని తినేసి సబ్బయిపోతంది. పులుపెంతో తెలిత్తే దానికి తగ్గట్టు ఎక్కువెయ్యొచ్చు. కొలిసే మందు మనకాడ లేదు."

పులుపంటే ఆ నీడలేనని చిలకమ్మకి తెలుసు. మరిగి మరిగి నూనెలోంచి ఊడిపోయి, ఎక్కడా అతుక్కోలేక తిరిగేవి అవే. క్రితం శుక్రవారం సబ్బునీళ్ళు పడి తన కాళ్ళ పసుపు పారాణిలా ఎర్రబడిన సంగతీ గుర్తొచ్చింది. అంటే పులుపు తినగా కాస్టిక్కు మిగిలితేనే పసుపు ఎర్రగా నిలుస్తుంది.

గాజుగ్లాసులో స్పిరిట్టు పోసి, చెంచాడు నూనె, చిటికెడు పసుపు వేసింది. గ్లాసులో నీడలు బియ్యపుగింజలంత అయ్యాయి. సిరాబుడ్డి గొట్టంతో కాస్టిక్ నీళ్ళు ఒక చుక్క వదిలింది. ఎరుపు ఒక్క క్షణం మెరిసి మాయమైంది. ఒక కవళ్ళ నీడ కదలడం మానేసి అడుక్కి దిగింది.

"పడుకో తల్లీ," అంది చిలకమ్మ.

రెండు. మూడు. ఎల్లారావు పక్కన కూర్చుని వేళ్ళమీద లెక్కపెట్టాడు. పదో చుక్కకి ఎరుపు చాలాసేపు ఉంది.

"ఇక సాలే. అయిపోనాయి."

"ఇంకోటుంది."

"ఓలమ్మా, రొయ్యపిల్ల! ఒక్కదానికేటి?"

"ఒక్కటే అంటావేటి మావా? ఒక్క మనిసి లేకపోతే ఇల్లు కుదురుగుంటదా? పది నెలలు నానెవలికి వొండాల? ఎవలితో మాటాడాల?"

ఎల్లారావు ఆమె మొహంలోకి చూశాడు. పన్నెండేళ్ళ కాపురంలో ఆమె ఇన్ని మాటలు ఒక్కసారి అనడం అదే మొదలు.

"ఎయ్యి," అన్నాడు మెల్లగా.

పదకొండో చుక్కకి రొయ్య పడుకుంది. ఎరుపు నిలిచిపోయింది.

కాయితం మీది కొలతకి ఆ పదకొండు చుక్కల లెక్క చేర్చి, తడి పోయేదాకా కాచిన నూనెలో స్పిరిట్టూ కాస్టిక్కూ కలిపాడు. తెల్లారేసరికి నీడలన్నీ నల్లటి ముద్దలో అడుగున నిద్రపోతున్నాయి, పైన తేనెరంగు నూనె తేలింది. నీళ్ళతో కడిగి ఆరబెట్టేసరికి మూడో రోజు సాయంత్రమైంది. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. వేపుడు వాసనకి హార్బర్ పిల్లులన్నీ గట్టుమీదికొచ్చి కూర్చున్నాయి.

"రేపు వేటకెల్తాను," అన్నాడు ఎల్లారావు.

"మరి మేస్త్రీకి?"

"నాను నీటిమీదుంటాను. నువ్వే సెప్పాల."

మర్నాడు పొద్దున్న చిలకమ్మ పొయ్యి వెలిగించలేదు. బస్సెక్కి దువ్వాడ స్టేషనుకి వెళ్ళింది. సంచులతో నిలబడ్డ మగాళ్ళందరినీ దాటుకుని, అప్పలసూరి ఎదురుగా ఆగింది.

"మా ఆయన రాడు బాబూ. వేటకెళ్ళాడు."

"అదేటమ్మా! మళ్ళీ ఎప్పుడొత్తాడు?"

"మజ్జానానికి," అంది చిలకమ్మ.