ఎవరి చేతిలోంచి పడింది

దేవుడికి అన్నీ తెలుసు కదా, మరి మనం చేసినవన్నీ మళ్ళీ మన నోటితోనే ఎందుకు చెప్పించుకుంటాడు? ఈ అనుమానం నాకు సండే స్కూలు రోజుల నుంచీ ఉంది. ఒకసారి పాస్టరుగారిని అడిగితే, "చెప్పుకుంటే నీ బరువే తగ్గుతుంది ఆశీర్వాదం" అన్నారు. ఆ మాట పట్టుకుని, ఏ సంగతైనా దాచకుండా మొదటినుంచి చివరిదాకా చెప్పడం అలవాటు చేసుకున్నాను. గుడిలో సాక్ష్యం చెప్పినట్టే ఇన్సూరెన్సు కంపెనీకీ చెప్పాను. బరువు తగ్గలేదు సరికదా, ఒళ్ళు మండిపోయింది.

రామచంద్రపురం చుట్టుపక్కల ట్రాలీ ఆటోలో కొబ్బరికాయలు తోలతాను. లోడు ఎక్కడుందో వ్యాపారులు ఫోను గ్రూపులో పెడతారు. ముందు "వస్తున్నా" అన్నవాడిదే కిరాయి. ఫోను లేనివాడి ఆటో ఇంటి ముందే నిలబడి ఉంటుంది.

మా పొరుగాయన గంగయ్య బాబాయ్‌కి ఫోను లేదు. ఆయన కూతురు జంగారెడ్డిగూడెం అవతల పామాయిలు తోటలో పని చేస్తుంది. ఏ కబురైనా నాకే చేస్తుంది. ఒకరోజు కాలవ గట్టున లోడు ఎక్కిస్తుంటే చేసింది. బాబాయ్ పక్కన రేవులోనే ఉంటే ఫోను ఆయన చేతికిచ్చాను. మనవరాలు పుట్టిందని వినగానే, చేతిలో ఫోనుందన్న సంగతి మరిచి, రెండు చేతులూ ఎత్తి ఆకాశానికి దణ్ణం పెట్టాడు. ఫోను రేవు రాయి మీద పడి, తెర పగిలి నల్లబడిపోయింది.

బాబాయ్ మొహం పాలిపోయింది. "ఏం పర్లేదు బాబాయ్, ఇన్సూరెన్సుంది" అన్నాను ధైర్యంగా. కొన్నప్పుడే షాపులో మంజుషగారు దానికి వేరే డబ్బు కట్టించుకున్నారు. "కింద పడనివ్వండి, నీళ్ళలో పడనివ్వండి, కంపెనీ చూసుకుంటుందండి" అన్నారు.

మా ఆవిడ తబిత బటన్ ఫోను నుంచి కంపెనీకి చేశాను. ఎలా జరిగిందని ఒకమ్మాయి అడిగింది. చెప్పాను. ఇంకొకతను అడిగాడు. మళ్ళీ చెప్పాను. కాలవ రేవు, మనవరాలు, దణ్ణం, ఏదీ వదల్లేదు. "ఊఁ, ఊఁ" అంటుంటే ఎంత ఓపికో అనుకున్నాను.

వారం తిరక్కుండా ఇంగ్లీషులో మెసేజ్ వచ్చింది. షాపుకెళ్ళి చూపిస్తే మంజుషగారు చదివి నుదురు కొట్టుకున్నారు.

"క్లెయిము కొట్టేశారండి. వేరేవాళ్ళ చేతిలో ఉండగా పగిలితే వర్తించదంట. మిమ్మల్నెవరండీ అంత కథ చెప్పమన్నది? చెయ్యి జారిందని ఒక్క ముక్క అంటే పోయేది కదా!"

"నా చెయ్యి జారలేదు కదమ్మా."

"ఎవరు చూడొచ్చారండి?"

ఆవిడే జాలిపడి కంపెనీకి ఫోన్ చేసి స్పీకరు పెట్టారు. అవతల గొంతు మహా మర్యాదగా ఉంది.

"సార్, ఆ వ్యక్తి మీ పర్మిషన్ లేకుండా ఫోను లాక్కున్నాడా?"

"లేదండి. నేనే ఇచ్చాను."

"ఆలోచించి చెప్పండి సార్. లాక్కున్నాడంటే స్టేషన్లో కంప్లైంట్ ఇచ్చి కాపీ పెట్టండి. కేసు రీ-ఓపెన్ చేస్తాం."

నాకు చెవుల్లోంచి సెగలొచ్చాయి. "ఆయన పెద్దాయనండి! మనవరాలు పుట్టిందని దణ్ణం పెట్టుకున్నాడు. ఆయన్ని దొంగని చేస్తేగానీ డబ్బివ్వరా? డబ్బు కట్టించుకున్నరోజు అడిగారా, పక్కింటోళ్ళకి ఇస్తావా అని? నిజం చెబితే కొట్టేసి, అబద్ధానికి దారి చూపిస్తారేంటండీ!"

"అరవకండి సార్, కాల్ రికార్డవుతోంది."

"అవనివ్వండి! నాలుగుసార్లు వినండి!"

షాపులో జనం నన్నే చూశారు. బయటికొచ్చి చాలాసేపు ఆటో స్టార్ట్ చెయ్యలేకపోయాను. ప్రార్థన చేద్దామనుకుంటే నోట్లోకి తిట్లే వచ్చాయి. ఇలాంటి కోపం కూడా పాపమేనా? ఏమో.

ఇంటికొస్తే తబిత అందుకుంది. "సాక్ష్యం చెప్పడానికి అదేమన్నా గుడా అండీ? ఆదివారం చెప్పింది చాల్లేదా? ఫోను వాయిదాలు ఇంకా కడుతున్నాం, ఎలాగ?"

"అయితే బాబాయ్ మీద కేసు పెట్టమంటావా?"

"ఛ, నోరు ముయ్యండి" అంది. అని కళ్ళు తుడుచుకుంది.

గోడలు పల్చన. తెల్లారేసరికి గంగయ్య బాబాయ్ మా గుమ్మంలో ఉన్నాడు, ఉతికిన చొక్కా వేసుకుని.

"పదరా, టేషనుకి పోదాం. నేనే లాక్కున్నానని రాయించు. నాకేం పోద్ది? ఓ పూట కూచోబెడతారు. నీ ఫోను నీకొచ్చేద్ది."

ముందురోజు కోపమంతా ఆయన మీదికే తిరిగింది. "బుద్ధుందా బాబాయ్ నీకు? రేపు నీ మనవరాలికి అందరూ ఏం చెబుతారు, నువ్వు పుట్టిన కబురు విని మీ తాత దొంగయ్యాడనా? ఇంకోసారి ఆ మాటంటే మర్యాదగా ఉండదు!"

ఆయన తలొంచుకుని వెనక్కి తిరిగాడు. కోపం తగ్గక నేనూ వెనకే వెళ్ళాను. వాళ్ళ పెరట్లో కొత్త తాటాకు మోపులున్నాయి. వానలు ముందున్నాయి, ఇంటి కప్పు చూస్తే చూరు దాకా చివికిపోయి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. మా డాబా కట్టకముందు, మా తాటాకిల్లు నేసిన రోజు ఆయన పొద్దుటినుంచి సాయంత్రం దాకా మా కప్పు మీదే ఉన్నాడు. మా ఊళ్ళో ఇంటి కప్పుకి కూలి ఇవ్వరు. రోజుకి రోజు బదులు చెయ్యాలి. నేను ఆటో కొన్నాక ఇవాళ లోడుంది, రేపు లోడుంది అంటూ ఏళ్ళు గడిపేశాను. ఆయన ఒక్కసారీ అడగలేదు.

ఇవాళ లోడు లేదు. ఫోనే లేదు.

"నిచ్చెనేదీ?" అన్నాను.

"ఎందుకురా?"

"నువ్వు ఆకందించు."

పాత ఆకు పీకుతుంటే మసిదుమ్ము కళ్ళలో పడింది. కంపెనీ వాణ్ణి తలుచుకుని ఒక్కో ముడీ బిగించాను. ఆ కప్పు గాలివానకి కదలదని మాత్రం చెప్పగలను. మధ్యాహ్నం తబిత గంజీ, ఊరగాయా పట్టుకొచ్చింది. ఇంకో చేతిలో ఫోను, ఎవరో లైన్లో ఉన్నారు.

"ఏవండీ, వాళ్ళేనండి. వాళ్ళ సేవ ఎలాగుందో మీరు మార్కులెయ్యాలంట."

"కప్పు మీదున్నాడని చెప్పు."

పొద్దు వాలింది. "చాల్లేరా, మిగతాది నేను చూసుకుంటాను, దిగు" అన్నాడు బాబాయ్ కిందినుంచి.

"నువ్వు ఆ రోజు ముందే దిగావా?" అని, ఇంకో ఆకు అందుకున్నాను. చీకటి పడేసరికి ఆఖరి వరస కట్టి దిగాను.