గౌరీశ్వరిలో ఇద్దరు

జీడిగింజను బ్లేడు కింద పెట్టి గౌరీశ్వరి కాలితో మర తొక్కింది. పప్పు పక్కకి, పెంకు బుట్టలోకి. పెళ్లయిన ఏడాది నుంచీ పలాస ఫ్యాక్టరీలో ఆమెది ఇదే పని. జీడి సొన పట్టి వేళ్లు నల్లబడ్డాయి, చర్మం పొరలు పొరలుగా లేచిపోయింది. ఆముదం రాసినా ఆ నలుపు పోదు. ఇంటికెళ్లి ఆ చేతులతోనే పోలారావుకి ఒళ్లు తుడవాలి, ముద్ద కలపాలి.

పోలారావు ఆమె మొగుడు. ఒంట్లో సత్తువున్నన్నాళ్లూ ఆమెను గొడ్డును బాదినట్టు బాదాడు. ఉద్దానంలో చాలామందికి వచ్చినట్టే అతనికీ కిడ్నీలు పోయి, ఇప్పుడు మంచాన పడ్డాడు. డయాలసిస్‌కి తీసుకెళ్లేదీ ఆమే, దుప్పట్లు ఉతికేదీ ఆమే. ఊరంతా మహాతల్లి అంటుంది. అనదూ మరి! ఆమెలో ఇంకొకతె ఉందని ఊరికేం తెలుసు? ఒళ్లు తుడుస్తూ అతని పీక దగ్గర చెయ్యి ఆపేది ఆవిడే. నిద్ర లేస్తూనే వీడు పోతే బాగుణ్ణనుకునేదీ ఆవిడే. గౌరీశ్వరికి ఆవిడంటే హడల్. ఒక్కనాడు కూడా ఆవిడ మాట చెల్లనివ్వకూడదన్నదే ఆమెకున్న పంతం.

మధ్యాహ్నం ఆటో దిగి ఇంటికొచ్చేసరికి పోలారావు మళ్లీ బొండం అడిగాడు. పెరట్లో పొట్టి కొబ్బరి గెల చేతికందే ఎత్తులోనే ఉంది. ఈ జబ్బుకి బొండం నీళ్లు విషమనీ, గుండె ఆగిపోతుందనీ నర్సు ఇద్దరికీ చెప్పింది. అయినా ఏడాదిగా అడుగుతూనే ఉన్నాడు, ఆమె కాదంటూనే ఉంది.

"తాగితే ఏటవుద్దో నీకు తెలుసు కదా మావా."

"తెలుసే." అతను కాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు. "నాకు ముద్దలెట్టే గౌరిని కాదు నేనడగతన్నది. ఒళ్లు తుడిసినప్పుడు నా పీకకేసి సూత్తాదే, దాన్నడగతన్నాను. అది ఇత్తాది."

గౌరీశ్వరి అతని కళ్లలోకి చూసింది. ఇన్నాళ్లూ తను దాచుకున్నదాన్ని అతను చూస్తూనే ఉన్నాడన్నమాట. చూసి కూడా ఆ చేతి ముద్దే తిన్నాడు. ఆమెకి సిగ్గేసింది. ఆ వెనకే చెప్పలేనంత జాలేసింది.

కత్తి తీసుకుని పెరట్లోకి వెళ్లింది. బొండం కోసి, మూతి చెక్కి తెచ్చింది. అతని తల ఎత్తిపట్టి తాగించింది. గుటక గుటకకీ అతని కళ్ల వెంట నీళ్లు కారాయి. ఇస్తున్నది జాలో పగో తేల్చుకోవాలని ఆమె ఎంత ప్రయత్నించినా తేలలేదు.

పొద్దువాలే వేళకి పోలారావు ఊపిరి ఆగిపోయింది. పక్కింటి జగదాంబ పరుగున వచ్చి, కోరింది నోట్లో పోసి సాగనంపావు, నీలాంటి ఇల్లాలు చుట్టుపక్కల లేదని గౌరీశ్వరిని కావలించుకుని ఏడ్చింది.

"ఎవులిచ్చారో నాకే తెలీదొదినా," అంది గౌరీశ్వరి. ఆ ఏడుపులో జగదాంబకి అది వినబడలేదు.

మంచం పక్కన బొండం రెండు చెక్కలుగా పగిలి ఉంది. అతను తింటాడని ఆమె లేత కొబ్బరంతా గీకి ఒక చెక్కలో పోగుచేసి పెట్టింది, అది అలాగే ఉంది.