దాచుకున్న భుజాలు

బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డాయంటే ఆ వీధి మలుపులోని కుట్టు దుకాణంలో కాలు పెట్టే సందు ఉండదు. యూనిఫారం గుడ్డల కట్టలు బల్ల మీదా, కుర్చీల మీదా, పై అలమరలోనూ పేరుకుపోతాయి. దుకాణం నడిపే ఆవిడను వీధిలో అందరూ టైలరమ్మ అంటారు. నలభై దాటీ దాటని మనిషి. మెడలో టేపు, చేతిలో సుద్దముక్క, పెదవుల మధ్య ఎప్పుడూ ఒక గుండుసూది. ఆ సూది జారిపోకుండానే నలుగురితో నాలుగు రకాల మాటలు మాట్లాడగలదు.

ఒక ఉదయం ఒక తల్లి తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల ఏడాదిలో బాగా ఎదిగినట్టుంది, పాత చొక్కా చేతులు మణికట్టు దాటి పైకి పోయాయి. టైలరమ్మ టేపు తీసి ఛాతీ కొలత చూడబోయేసరికి ఆ పిల్ల భుజాలు రెండూ ముందుకు ముడుచుకుని, గడ్డం కిందికి దించేసింది.

"కాస్త సరిగ్గా నిలబడు తల్లీ, కొలత రావద్దూ?" అంది టైలరమ్మ.

"అది అలాగే నిలబడుతుంది లెండి, నేనే చెప్పాను" అంది తల్లి. "ఎదిగిన పిల్ల విరుచుకుని తిరిగితే ఏం బాగుంటుంది? మీరు కొంచెం వదులుగా కుట్టండి. పైకి ఏమీ తెలియకూడదు."

"అలాగేనమ్మా. వీపు దగ్గర కాస్త గుడ్డ ఎక్కువ వదులుతాను, సరిపోతుంది" అంది టైలరమ్మ.

తల్లి సంతోషంగా వెళ్లిపోయింది. పిల్ల నేల చూపులు చూస్తూ ఆవిడ వెనకే నడిచింది.

ఇందులో విడ్డూరమేముంది అనిపిస్తుంది ఎవరికైనా. ఒక తల్లి జాగ్రత్త పడింది, ఒక పిల్ల మాట విన్నది, ఒక టైలరు అడిగినట్టు కుట్టిచ్చింది. కానీ చదివేవారు ఆ పిల్ల వీపు వైపు ఒకసారి చూడాలి. వంగిన వీపుకి మామూలు కొలతతో కుడితే చొక్కా వెనక పైకి లేచిపోతుంది, ముందు వేలాడుతుంది. ఆ తేడా తెలియకుండా వెనక భాగం పొడవు పెంచి, ముందు భాగం తగ్గించి కత్తిరించడంలో టైలరమ్మది అందెవేసిన చెయ్యి. ఆవిడ దగ్గర కుట్టించుకుంటే గూని కూడా కనబడదని పేరు. ఆ పేరు చూసుకుని ఆవిడ మురిసిపోయేది కూడా. ఏటేటా ఆ గూనిపిల్లల సంఖ్య ఎందుకు పెరుగుతోందో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. ఆవిడ వీపూ అలాంటిదే మరి. చిన్నప్పుడు ఒక్కసారిగా పొడుగు సాగితే ఇంట్లో పెద్దమ్మ, "ఏమిటే ఆ నడక? కాస్త ఒంగి నడువు" అంది. ఒంగింది. తరవాత మిషను ముందు కూర్చుంది. ఇక లేచి నిటారుగా నిలబడాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు, ఆవిడతో సహా.

ఆ సీజను మధ్యలో ఒక మధ్యాహ్నం పై అలమరలోంచి నీలం గుడ్డ కట్ట తీయబోయి టైలరమ్మ కెవ్వుమంది. కుడి చెయ్యి భుజం దాకా లేచి అక్కడే బిగుసుకుపోయింది. ఎడంచేత్తో లాగిన కట్ట జారి నెత్తి మీద పడింది. ఇంట్లో మందురాసుకుంది, వేడినీళ్ల కాపడం పెట్టుకుంది, మాత్ర మింగింది. ఏం చేసినా ఆ చెయ్యి పైకి రానంది. మర్నాడు తలకు దువ్వెన కూడా పెట్టుకోలేకపోయింది. కూతురే కూర్చోబెట్టి జడ అల్లింది.

"చెయ్యి చూపించుకో అమ్మాయ్" అంది అత్తగారు. ఆవిడ మంచం మీద కూర్చున్నా వీపు గోడకు ఆనదు, అంతగా వంగిపోయింది. నోరు మాత్రం ఇప్పటికీ చురుకే.

"ఇప్పుడా అత్తయ్యా? బడి బట్టలన్నీ అలాగే ఉన్నాయి."

"బట్టలు ఎక్కడికీ పోవు. చెయ్యి పోతే మాత్రం నీ దుకాణానికి తాళం వేసుకుని, ఆ తాళంచెవి ఎడంచేత్తో తిప్పుకోవాలి."

ఆ మాటతో భయపడి వెళ్లింది. పెద్ద డాక్టరు చూసి, ఎముకకేం కాలేదని చెప్పి, ఆసుపత్రి చివర ఉన్న వ్యాయామాల గదికి పంపాడు. అక్కడ ముప్పై ఏళ్ల ఫిజియోథెరపిస్టు ఒకామె ఉంది. చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, టైలరమ్మను గోడకు ఆనుకుని నిలబడమంది.

"మడమలు, నడుము, భుజాలు, తల, అన్నీ గోడకి తగలాలక్కా."

మడమలు తగిలాయి. నడుము తగిలింది. భుజాలు గోడకు ఆమడ దూరంలో ఉన్నాయి. తల సంగతి చెప్పనక్కర్లేదు.

"మిషను పని కదా డాక్టరమ్మా, అందుకే ఇలా" అంది టైలరమ్మ సిగ్గుపడుతూ.

"మిషను వల్ల మెడ వంగుతుంది, నిజమే. కానీ మీ భుజాలు చూస్తే పనికి వంగినట్టు లేవు. ఏదో దాచుకుంటున్నట్టున్నాయి. ఎప్పట్నుంచక్కా ఇలా?"

టైలరమ్మ నవ్వబోయింది. నవ్వు రాలేదు. ఇన్నేళ్లలో ఆవిడ భుజాల గురించి ఎవరూ ఒక ప్రశ్న అడగలేదు. పెద్దమ్మ మాట, తను ఒంగిన సంగతి మెల్లగా చెప్పింది. ఆ అమ్మాయి మధ్యలో అడ్డు రాకుండా అంతా విన్నది.

"చూడండక్కా. భుజాలు ఎప్పుడూ ముందుకు ముడుచుకునే ఉంటే ముందువైపు కండలు కుంచించుకుపోతాయి, వెనకవైపువి సాగి సాగి నీరసపడిపోతాయి. అలాంటి భుజంతో పైనున్న బరువు తీయబోతే చెయ్యి మొరాయించకేం చేస్తుంది? కంగారు లేదు. ముందు నొప్పి తగ్గిద్దాం. ఆ తరవాత వెనకవైపు కండలకి బలం పెంచుదాం. మీరు మాత్రం బద్ధకించకూడదు."

వెనక ఉన్న రెండు భుజపుటెముకల మధ్య ఒక చేతిరుమాలు ఉందనుకుని దాన్ని పట్టుకున్నట్టు దగ్గరికి లాగమంది. గోడ మీద వేళ్లతో పాకిస్తూ చెయ్యిని కొద్దికొద్దిగా పైకి తీసుకెళ్లడం నేర్పింది. గుమ్మంలో నిలబడి రెండు చేతులూ చట్రానికి ఆనించి ఛాతీని ముందుకు వదలడం చూపించింది. రబ్బరు పట్టీ రెండు చేతులతో పట్టుకుని పక్కలకు లాగడం చివర్లో మొదలుపెట్టాలంది. పదునైన నొప్పి వస్తే ఆపేయాలి, లాగినట్టు అనిపిస్తే ఫరవాలేదు అని తేడా కూడా చెప్పింది. మిషను ఎత్తు పెంచుకోమంది, ఒక గంట కుడితే లేచి నాలుగడుగులు వేయమంది.

ఇంటాయన మిషను కాళ్ల కింద చెక్కముక్కలు పెట్టి ఎత్తు సరిచేశాడు. పై అలమరలోని బరువంతా కిందికి దించాడు. "ఇదేదో ముందే చేసుండాల్సింది" అని తనలో తాను గొణుక్కున్నాడు. రబ్బరు పట్టీ కోసం ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది, దుకాణంలో లంగా నడుములకు వేసే వెడల్పాటి ఎలాస్టిక్ ఉండనే ఉంది.

ఒక సాయంత్రం టైలరమ్మ ముందుగదిలో గోడ మీద వేళ్లు పాకిస్తుంటే అత్తగారు చూసి, "బల్లి కూడా నీకన్నా త్వరగా ఎక్కుతుందే" అని నవ్వింది. టైలరమ్మ కూడా నవ్వి, మూల కూర్చుని చదువుకుంటున్న కూతుర్ని పిలిచింది. ఆ పిల్ల తొమ్మిదో తరగతి. అమ్మ కన్నా అప్పుడే వేలెడు పొడవు.

"రావే, ఇద్దరం కలిసి చేద్దాం."

"నాకొద్దమ్మా."

"ఎందుకే? నీకూ మంచిదే."

"చేతులెత్తితే అందరూ చూస్తారు."

"ఇంట్లో ఎవరున్నారే చూడ్డానికి?"

పిల్ల తల ఎత్తలేదు. "అందరూ చూస్తారు, ఒంగి నడువు అని నువ్వే అన్నావుగా. అందుకే వాలీబాల్ కూడా మానేశాను. బంతి కోసం చేతులెత్తాలి కదా."

గోడ మీద ఉన్న టైలరమ్మ వేళ్లు అక్కడే ఆగిపోయాయి. ఎప్పుడు అంది ఆ మాట? గుర్తు రాలేదు. బయటికి వెళ్లేటప్పుడు చున్నీ సర్దుతూ అనుంటుంది. పొడుగుపిల్లవి, కాస్త ఒంగి నడువు అని ముద్దుగానే అనుంటుంది. పెద్దమ్మ కూడా తనతో ముద్దుగానే అంది. ఊరి పిల్లలందరి గూనికీ గుడ్డ సరిచేసిన చేతులతోనే సొంత బిడ్డ వీపును కూడా ఒంచింది. మొన్న పుండులా సలిపిన భుజం నొప్పి ఈ బాధ ముందు నొప్పే కాదనిపించింది.

అప్పుడు అత్తగారు మంచం దిగింది. చేత్తో గోడ తడుముకుంటూ వచ్చి, "నన్నూ నిలబెట్టు చూద్దాం" అంది. కోడలు పట్టుకుని నిలబెట్టింది. ఆవిడ భుజాలూ తలా గోడకు ఎంతో దూరాన ముందుకు వాలి ఆగిపోయాయి. మెడ నిలపడానికి ఎంత ప్రయత్నించినా చూపు నేల దాటి పైకి రాలేదు.

"ఇదేనే అమ్మాయ్ నా లోకం. మనుషులు వస్తే ముందు వాళ్ల కాళ్లు చూసి ఎవరో పోల్చుకుంటాను" అంది. గొంతులో ఎప్పటి వెటకారం లేదు. "నా సంగతి వదిలెయ్, నాకు ఎంత వస్తే అంతే. ముందు దాన్ని నిలబెట్టు."

టైలరమ్మ కూతురి దగ్గర కూర్చుని దాని రెండు భుజాల మీదా చేతులు వేసింది. "తప్పు నాది తల్లీ. నిన్ను ఎవరో ఏదో అంటారని భయపడి, వాళ్లు అనేలోపే నేనే అనేశాను. ఇక అనను. నిండుగా నిలబడు."

ఆ పిల్ల వెంటనే ఏమీ నిలబడలేదు. అలవాటైన వంపు ఒక్క మాటతో పోతుందా? కానీ నాయనమ్మ మంచం మీద కూర్చుని భుజాలు వెనక్కి లాగుతూ "నాకెన్ని వచ్చాయో లెక్కపెట్టు" అని వేధిస్తే నవ్వుకుంటూ లేచి వచ్చింది. అప్పటినుంచి ఆ ముందుగదిలో సాయంత్రాలు మూడు తరాల ఆడవాళ్లు ఎలాస్టిక్ ముక్కలు పట్టుకుని పక్కలకు లాగుతుంటే, ఇంటాయన గుమ్మంలో ఆగి, "ఏ వైపు నుంచి వచ్చినా దెబ్బ తగిలేట్టుంది" అని వెనక తలుపు నుంచి లోపలికి వచ్చేవాడు.

నెలలు పట్టింది. మధ్యలో ఒకసారి నొప్పి తిరగబెట్టింది, టైలరమ్మ విసిగిపోయి మానేస్తానంది కూడా. ఫిజియోథెరపిస్టు కోప్పడలేదు, వ్యాయామం తగ్గించి మళ్లీ మెల్లగా మొదలుపెట్టించింది. చివరికి ఒక ఉదయం టైలరమ్మ తన జడ తనే అల్లుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు గానీ అద్దం ముందు చాలాసేపు నిలబడింది. అద్దంలో ఉన్న మనిషి తను అనుకున్నంత చిన్నదేమీ కాదు.

కూతురు మళ్లీ వాలీబాల్ జట్టులో చేరింది. ఆట చొక్కా కుట్టమని అడుగుతూ, "వదులుగా వద్దమ్మా. చెయ్యి పూర్తిగా పైకి లేచినా చంక దగ్గర పట్టకూడదు" అంది. అంత మంచి కొలత ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు టైలరమ్మకు. ఆ చొక్కా మీద పడ్డ ప్రతి కుట్టూ ఆవిడకు ఒక మొక్కులా తోచింది. అది పూర్తయ్యాక ఒక తెల్ల కోటు కూడా కుట్టి ఆసుపత్రికి తీసుకెళ్లింది.

"ఇదెందుకక్కా? జీతం తీసుకునే కదా పని చేస్తున్నాను" అంది ఫిజియోథెరపిస్టు.

"చెయ్యి బాగుచేసినందుకు కాదమ్మా. ఎప్పట్నుంచి అని ఒక మాట అడిగారు చూడండి, అందుకు. ఆ ప్రశ్న వేయకపోతే నా కూతురు ఈపాటికి నాలాగే అయ్యుండేది."

కోటు వేసుకుని ఆ అమ్మాయి చేతులు పైకెత్తి చూసింది. ఎక్కడా పట్టలేదు. కళ్లు చెమర్చాయి గానీ, "ముడత కూడా లేదు" అని మాట మార్చింది.

కూతురి బడిలో ఆటల టీచరు ఈ కథంతా విని ఆడపిల్లల తల్లులను ఒక మధ్యాహ్నం పిలిపించింది. ఫిజియోథెరపిస్టు వచ్చి వ్యాయామాలు చేసి చూపించింది. తల్లులు కొందరు సిగ్గుపడుతూనే చేతులు కదిపారు. అంతలో వెనక వరసలోంచి ఒకావిడ లేచింది.

"అన్నీ బాగానే చెప్తున్నారు. పిల్లలు విరుచుకుని నడిస్తే చూసేవాళ్లు ఊరుకుంటారా? మా భయం మాది."

ఫిజియోథెరపిస్టు టైలరమ్మ వైపు చూసింది. టైలరమ్మ లేవబోయేలోపే ఆమె వెంట వచ్చి పక్కనే కూర్చున్న అత్తగారు ఆమె మోచెయ్యి పట్టుకుని నిలబడింది. ముసలామె తల పైకి లేవలేదు. మాట మాత్రం చివరి వరస దాకా వినిపించింది.

"నీ భయం నాకు తెలుసమ్మా. మా అమ్మకి ఉండేది, నాకు ఉండేది, నా కోడలికీ ఉండేది. ఆ భయానికి మేం ఒంగాం. మేం ఒంగినందుకు చూసేవాళ్లు చూడ్డం మానారా? మానలేదు. మాకే లోకం కనబడకుండా పోయింది. ఇప్పుడు నీ మొహం చూడాలన్నా ఒకరు నా గడ్డం ఎత్తిపట్టుకోవాలి. మా ఇంట్లో ఈ ఏడు ఒక పిల్ల నిటారుగా నిలబడింది. ఆ నిలబెట్టిన డాక్టరమ్మకి, తన తప్పు తాను ఒప్పుకున్న నా కోడలికి చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. చెడ్డ చూపు ఉంటే దాన్ని సరిచేయాల్సింది చూసేవాడి కళ్లలో. దానికోసం మన ఆడపిల్లల వీపులు మాత్రం ఇంక ఒంచొద్దు తల్లులూ."