కట్టమ్మ చదివిన పుస్తకం

హనుమకొండ బజార్ల ఒక మేడ మీదున్న ఆడోళ్ల లైబ్రరీని పగలు రెండు గంటలకు తెరుస్తరు. అప్పటికి ఇండ్లల్ల బోళ్లు కడుగుడు అయిపోతది. దవాఖానల నర్సుగ చేసి రిటైరైన పద్మలత తాళం తీసి, ఊడ్చి, చాప పరుస్తది. అక్షరాలు రానోళ్లకు నేర్పుతది. "కాళ్లు నొస్తలేవా అక్కా?" అని ఎవరన్న అడిగితే, "ఇంట్ల కూసుంటేనే నొస్తయి" అంటది.

అక్కడ ఏ పుస్తకం తెరిచినా కిందటిసారి చదివినామె గొంతు వినబడుతది. నడుమ నడుమ ఆమె అన్నయి, అనుకున్నయి గూడ వస్తయి. నవల తెరిస్తే హీరోను తిట్టే మొగిలమ్మ, వంటల పుస్తకం తెరిస్తే "ఇంత నూనెనా, ఓయమ్మో!" అనే యమున. లొల్లి ఎక్కువైతే పద్మలత పుస్తకాలు మూయిస్తది, అంతే.

చిక్కల్లా రిజిస్టర్‌తోనే వచ్చింది. చదువుకునుడు ఇంట్ల తెలిస్తే మాటలు పడాలె. "నా పేరు రాయకు, నీ పేరు మీదనే రాసుకో అక్కా" అని ఒకామె అన్నది. ఆమెను చూసి అరవై మంది అట్లనే అన్నరు. పద్మలత కాదనలేక అందరి పుస్తకాలు తన పేరు మీదనే రాసుకుంది. ఎవ్వరికీ చెప్పనని మాట గూడ ఇచ్చింది. మంచికి పోతే చెడు ఎదురైతదని ఊకనే అన్నరా!

ఆ గది వర్తక సంఘానిది. దాన్ని గోదాం చెయ్యాలని సంఘం అనుకున్నది. సెక్రటరీ సదానందానికి అవతలి గల్లీల స్టీలు బోళ్ల దుకాణం. ఓ మంగళవారం మీదికొచ్చి రిజిస్టర్ తిరగేసిండు.

"అన్నీ నీ పేరేనా అక్కా? నీ ఒక్కదానికి ఇంత గదా?"

"అరవై మంది వస్తరు తమ్మీ."

"మరి పేర్లు చెప్పు."

పద్మలత తల వంచుకున్నది. "చెప్పరాదు."

"అయితే ఆదివారం దాక ఖాళీ చెయ్యి. ఈ పుస్తకాలన్నీ ఎన్ని గంపలైతయో?" అనుకుంట సదానందం అల్మార్లకెల్లి ఒకటి గుంజిండు.

"అది వద్దు తమ్మీ!" అని పద్మలత ఉరికొచ్చింది. అప్పటికే తెరిచిండు.

"అ... మ్మ..." అని ఒక ముసలి గొంతు అక్షరాలు కూడబలుక్కుంటాంది. అది ఆయన తల్లి కట్టమ్మ గొంతు. బుధవారం బుధవారం భజనకని చెప్పి పోయే తల్లి.

గొంతు ఆగి, ఊపిరి పీల్చుకున్నది. "ఈ కథల పిలగాడు మా సదానందం లెక్కనే ఉన్నడు పద్మా. మంచోడే. దవాఖానకు తోల్కపోతడు, చీరలు తెస్తడు. దుకాణానికి బోర్డు పెట్టిననాడు, ఏం రాయించినవ్ బిడ్డా అని అడిగిన. 'నీకెందుకమ్మా' అన్నడు. అప్పటిసంది ఏదీ అడుగుతలేను."

సదానందం చాప మీద కూసున్నడు. సిగ్గయింది, ఏడుపొచ్చింది. తల్లి ఎక్కడ ఆపిందో అక్కడిదాక విన్నడు.

"గోదాం ముచ్చట ఇంక లేదక్కా. సంఘంల నేను చెప్త" అని పుస్తకం చంకల పెట్టుకొని ఇంటికి పోయిండు.

కట్టమ్మ చిక్కుడుకాయలు తుంపుతాంది. పుస్తకం చూసి ఆమె చేతులు ఆగినయ్. సదానందం పక్కన కూసున్నడు.

"మిగిలింది చదువమ్మా. నేను వింట."

కట్టమ్మ చేతులు కొంగుకు తుడుచుకొని, అద్దాలు పెట్టుకున్నది.

"నడుమ తొందర పెట్టినవనుకో, మూసేస్త" అన్నది.